రేవులో ఆగడం షికారు కాదు

సంపాదకులకు,

యుద్ధనౌక పరాయి రేవులో ఆగితే నావికులకు ఆటవిడుపేనని, ఆ ఖర్చంతా దండగని మీ వ్యాసకర్త రాశారు. నౌకాదళంలో పనిచేసినవాడిగా దీన్ని ఒప్పుకోలేను.

మా ఓడ ఆగిన కొలంబో రేవు అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఊరు కాదు. తాళ్లకు వేలాడే బల్లమీద కూర్చుని, ఎండకు కాలిపోతున్న ఓడ పక్కన తుప్పు గీకి రంగు వేయడం. చొక్కా నిండా తుప్పు పొడే. ఇంజిన్ గదివాళ్లు నడిసముద్రంలో విప్పడానికి వీల్లేని పంపులు విప్పేదీ రేవులోనే. డ్యూటీ పడినవాడు ఓడ దిగడు. మిగతావాళ్లం ఓ పూట ఊళ్లోకి వెళ్లాం, నిజమే. నెలల తరబడి ఇల్లు వదిలి ఉన్నవాళ్లకు అదీ కూడదా?

పరాయి రేవుల్లో ఆగడం వల్ల ఇంకో మేలూ ఉంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. మర్నాటికే మన ఓడలు శ్రీలంకకు సాయం చేర్చాయి. సర్వే ఓడ ఐఎన్ఎస్ నిరూపక్‌ను ఆసుపత్రిగా మార్చి ఇండోనేషియాలోని మెలాబోకు పంపారు. అలాంటి గడియలో రేవు లోతుపాతులు, అక్కడి అధికారులు ముందే తెలిసి ఉండటం ఎంత అక్కరకొస్తుందో ఓడ నడిపినవాళ్లను అడగండి. ఆ ఎరుక ఈ సందర్శనల వల్లే వస్తుంది. ఖర్చు గురించి రాసిన వ్యాసకర్త దీన్నీ రాయాల్సింది.

– ఒక మాజీ నావికుడు,
మల్కాపురం, విశాఖపట్నం