నాగటి చాళ్లకు రక్షణ ఏదీ?

రాజస్థాన్‌లోని కాలీబంగన్ వద్ద కేంద్ర పురావస్తు శాఖ 1960-69 మధ్య జరిపిన తవ్వకాలలో, ప్రాచీన జనావాసపు కోటగోడకు వెలుపల ఆగ్నేయ దిశన, దున్నిన పొలం ఒకటి బయల్పడింది. అది క్రీస్తు పూర్వం 2800 ప్రాంతం నాటిదని అంచనా. చాళ్లు ఒక దిశలో సుమారు 30 సెంటీమీటర్ల ఎడంతోను, వాటికి అడ్డంగా సుమారు 190 సెంటీమీటర్ల ఎడంతోను ఉన్నాయి. ఆ చుట్టుపట్ల రైతులు తవ్వకాలనాటికీ అదే తీరున దున్ని, ఇరుకు చాళ్లలో ఉలవలు, ఎడం చాళ్లలో ఆవాలు వేస్తుండడం గమనార్హం. అక్కడ దొరికినది శిల్పం కాదు, శాసనం కాదు. కేవలం మట్టిపై మిగిలిన గీతలు.

ఇట్టి ఆనవాళ్లు పొక్లెయిన్ పంటికి నిలువవు. గ్యాసు పైప్‌లైను పనిలో ముందుగా పైమట్టిని తొలగించి, ఆ తరువాతనే కందకం తవ్వుతారు. పాత సేద్యపు జాడలు చాలావరకు ఆ తొలి విడతలోనే చెరిగిపోతాయి. 2016లో వారణాసిలో శంకుస్థాపన జరిగిన ఊర్జా గంగ పైప్‌లైను, నవీన శిలాయుగపు వరి, గోధుమ, బార్లీ గింజలు లభించిన చిరాంద్ వంటి స్థలాలున్న గంగా మైదానం మీదుగానే సాగింది. ఆ గ్యాసు గోరఖ్‌పూర్, బరౌనీ, సింద్రీ ఎరువుల కర్మాగారాలకు చేరుతున్నది. నేటి సేద్యానికి అవసరమైన ఈ పనిని ఆపమని ఎవరూ కోరరు.

లోపం చట్టంలో ఉన్నది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ, రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల మేర నిర్మాణాలను నిషేధించి, ఆపై 200 మీటర్లను నియంత్రణ కిందకు తెచ్చింది. ఇంకా ఎవరి కంటా పడని పొలానికి ఈ రక్షణ వర్తించదు. పైప్‌లైన్ల భూవినియోగ హక్కుకు సంబంధించిన 1962 నాటి చట్టం రైతుకు నష్టపరిహారం చెప్పిందే గాని, భూమిలోని చరిత్ర ఊసెత్తలేదు. 2006 నాటి పర్యావరణ ప్రకటన సైతం జాతీయ పార్కులు, అభయారణ్యాల వంటి సున్నిత ప్రాంతాల గుండా వెళ్లే లైన్లకే ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసింది.

బ్రిటన్ 1990లోనే ఈ విషయమై మార్గదర్శక సూత్రాలు వెలువరించింది. నిర్మాణానికి ముందు స్థలపరిశీలన జరిపించే బాధ్యతను, ఖర్చును నిర్మాతలపైనే మోపింది. దక్షిణ వేల్స్‌లో 2006-07లో గ్యాసు గొట్టాలు వేసే సందర్భంలో పురాతత్వవేత్తలు వెంట ఉన్నందుననే, ధాన్యం ఆరబెట్టిన మధ్యయుగపు పొయ్యిల ఆనవాళ్లు నమోదయ్యాయి.

మనకు ఈ అనుభవం కొత్తది కాదు. నాగార్జునసాగర్ నీరు లోయను ముంచకముందే, 1954-60 మధ్య నాగార్జునకొండలో విస్తృతంగా తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను కొండపైకి తరలించారు. అక్కడి ముప్పు అందరికీ కనిపించేది. పైప్‌లైను సన్నని పట్టీగా వందల కిలోమీటర్లు సాగుతుంది గనుక, ఏ ఊరిలోను అది పెద్ద వార్త కాదు.

పైప్‌లైను మార్గం ఖరారు కాకముందే పురావస్తు పరిశీలన జరగాలన్న నిబంధనను 1962 చట్టంలో చేర్చాలి. పైమట్టి తొలగించే రోజులలో రాష్ట్ర పురావస్తు శాఖల సిబ్బంది యంత్రం వద్ద ఉండాలి. ఇందుకయ్యే వ్యయాన్ని పథకపు అంచనాలలోనే కలపాలి.