చుక్కలు కూడా వాళ్ళవేనా?

మాచర్ల దగ్గర ఒక పల్లెలో ఒక పెద్దాయన మమ్మల్ని కడిగేశాడు. కూలి రేట్ల గురించి, శ్మశానం దారి గురించి అంబేద్కర్ బొమ్మ కింద మీటింగు పెట్టుకున్నాం. అదయ్యాక పిలగాళ్ళకి చందమామనీ, చుక్కల్నీ చూపిద్దామని ఒక చిన్న టెలిస్కోపు పట్టుకెళ్ళాం. ఆయన దాని వంక చూసి, "కూటికి లేనోళ్ళకి చుక్కలెందుకయ్యా? కడుపు నిండినోళ్ళ యవ్వారం గదా ఇది!" అన్నాడు. మన సంఘం కుర్రోళ్ళే కొందరు తలలూపారు.

ఆ పెద్దాయన మీద మాకు కోపం లేదు. తలలూపిన కుర్రోళ్ళతోనే మా పేచీ. ఆ మాట మనది కాదు. మన నోట్లో ఎవరో పెట్టిన మాట. చదువు నీకెందుకన్నోడు, చెరువు నీళ్ళు నీకెందుకన్నోడు నేర్పిన మాట. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవుదార్ చెరువు నీళ్ళు దోసిట్లోకి తీసుకున్నది దాహమేసి కాదు. ఆ చెరువు నాది కూడా అని చెప్పటానికి. ఆకాశం సంగతీ అంతే. కూడు దక్కినాక చూద్దాంలే అని ఊరుకుంటే రెండూ దక్కవు.

అసలు చుక్కలు మనకి కొత్తా? వేగుచుక్క పొడిచిందని లేచి దుక్కికి పోయిందెవరు? గడియారాల్లేని రోజుల్లో గొరుకొయ్యలు ఎంత ఎత్తుకొచ్చాయో చూసి రాత్రి ఎంత పొద్దుపోయిందో చెప్పిందెవరు? పిల్లలకోడి, గొరుకొయ్యలు - ఈ పేర్లు ఇంటి ముంగిట్లోవి, పొలంలోవి. సంస్కృతం పేర్లు పెట్టినోడు కృత్తిక అన్నాడు, మృగశిర అన్నాడు, పంచాంగంలో ఎక్కించుకున్నాడు. మన తాత చూసింది మోటు, వాడు రాసింది శాస్త్రం! ఇప్పటికీ మాలపల్లె, మాదిగపల్లెల్లో చుక్కలు ఊళ్ళోకన్నా బాగా కనపడతాయి. వీధి లైట్లు సరిగ్గా వెయ్యలేదు గదా. పంచాయతీ మనకి తెలియకుండా చేసిన మేలు ఇదొక్కటే.

సరే, ఆ పంచాంగమైనా సరిగ్గా ఉందా? మేఘనాథ్ సాహా అని ఒక మహానుభావుడున్నాడు. 1893లో ఢాకా దగ్గర పల్లెలో ఒక చిన్న కొట్టు నడుపుకునే ఇంట్లో పుట్టాడు. కింది కులం. కలకత్తాలో చదివేటప్పుడు హాస్టల్లో అగ్రకుల కుర్రోళ్ళు తమతోపాటు కూచుని తిననివ్వలేదు. ఆయనే 1920లో చుక్క వెలుగుని బట్టి అక్కడి వేడి ఎంతో, ఏ మూలకం ఏ స్థితిలో ఉందో తేల్చే సూత్రం కనిపెట్టాడు. ప్రపంచమంతా ఇవాళ్టికీ దాన్ని సాహా సమీకరణం అనే అంటుంది. 1952లో కేంద్ర ప్రభుత్వం పంచాంగాల్ని సరిచేయమని కమిటీ వేస్తే దానికి ఆయనే అధ్యక్షుడు. 1955లో ఆ కమిటీ తేల్చిందేమిటి? సూర్యుడు ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 22 ప్రాంతంలో. పంచాంగం ఉత్తరాయణ పుణ్యకాలం అంటున్నది జనవరి 14న. 23 రోజులు తేడా! భూమి బొంగరంలా తిరుగుతూనే మెల్లగా తల ఊపుతుంది. ఒక ఊపు పూర్తవటానికి సుమారు 26 వేల ఏళ్ళు. ఆ ఊపుని పాత లెక్క పట్టించుకోలేదు, తప్పు ఏటికేడు పేరుకుపోయింది. ఎవరితో కలిసి తినటానికి పనికిరాడన్నారో ఆయనే వాళ్ళ పంచాంగంలో తప్పు పట్టుకున్నాడు. దీన్ని మీరు నమ్మాల్సిన పని కూడా లేదు. గుంజ పాతి మిట్టమధ్యాహ్నం నీడని రోజూ కొలవండి. ఏ రోజు నీడ అన్నిటికన్నా పొడుగో, సూర్యుడు మళ్ళేది ఆ రోజే. చదువు రానోడు కూడా పట్టుకోగల తప్పు ఇది!

2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా విడిపోయేదాకా మన జిల్లా కేంద్రం గుంటూరే గదా. కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి చెప్పులరగదీసుకున్న ఆ గుంటూరులోనే, 1868 ఆగస్టు 18న, ప్రపంచం చెప్పుకునే పని ఒకటి జరిగింది. సంపూర్ణ సూర్యగ్రహణం. దాన్ని చూడటానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త సామాను వేసుకుని ఓడెక్కి వచ్చాడు. పొద్దున్నే చీకటి పడింది. సూర్యుడి అంచున లేచే ఎర్రటి మంటల వెలుగుని గాజు పట్టకంతో విడగొట్టి చూశాడు. అదంతా కాగిపోతున్న హైడ్రోజన్ వాయువని తేలింది. మరునాడు గ్రహణం లేకుండానే, పట్టపగలే ఆ మంటల్ని చూసే ఉపాయం కనిపెట్టాడు. ఆ గ్రహణం చూసినవాళ్ళ లెక్కల్లో ఒక పసుపు గీత కూడా ఉంది. అది భూమ్మీద అప్పటిదాకా ఎవరికీ తెలియని వాయువుదని తర్వాత తేలింది. సూర్యుడి పేరుమీదే హీలియం అన్నారు. భూమ్మీద అది దొరికింది 1895లో. పైకెగిరే బుడగల్లో నింపే వాయువుల్లో అదొకటి.

జాన్సెన్ పేరు పుస్తకాల్లో ఉంది. ఆ పెట్టెలు మోసినోళ్ళు, మకాం దగ్గర నీళ్ళు తోడినోళ్ళు ఎవరో మాకే పుస్తకంలోనూ కనపడలేదు. గ్రహణమంటే కడుపుతో ఉన్న ఆడబిడ్డని కదలకుండా చీకటింట్లో పడుకోబెట్టే దేశం ఇది. 112 ఏళ్ళ తర్వాత, 1980 ఫిబ్రవరి 16న, కృష్ణ అవతల నల్లగొండ మీదుగా మళ్ళీ సంపూర్ణ గ్రహణం వచ్చింది. జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు చూస్తుంటే జనం తలుపులేసుకుని ఇళ్ళల్లో కూచున్నారు. ఎవరు కూచోబెట్టారు?

ఇక మన రోహిత్ సంగతి. గురజాల మూలాలున్న కుటుంబం, గుంటూరులో పెరిగిన కుర్రోడు. తల్లి కుట్టుమిషను మీద కష్టపడి పెంచింది. సెంట్రల్ యూనివర్సిటీలో పరిశోధనకు చేరాడు. అంబేద్కర్ విద్యార్థి సంఘంలో పనిచేశాడు. 2015 జులై నుంచి ఫెలోషిప్ డబ్బులు ఆపారు. అతన్నీ, ఇంకో నలుగుర్నీ హాస్టల్ నుంచి వెలేశారు. వాళ్ళు క్యాంపస్‌లోనే వెలివాడ కట్టుకుని కూచున్నారు. 2016 జనవరి 17న రోహిత్ చనిపోయాడు. చివరి ఉత్తరంలో ఏమని రాసుకున్నాడు? కార్ల్ సేగన్‌లాగా సైన్సు రచయితని కావాలనుకున్నానని. నక్షత్రాల గురించి రాశాడయ్యా, నక్షత్రాల గురించి! ఆ ఉత్తరంలో ఎవరి మీదా నింద లేదు. 2024లో పోలీసులు కేసు మూసేస్తూ అతను ఎస్సీయే కాదని రాశారు. గొడవయ్యాక మళ్ళీ విచారిస్తామన్నారు. చచ్చిపోయినాక కూడా కుర్రోడి కులమే చూశారు, తలకాయలో ఏముందో చూడలేదు.

చుక్కలు కడుపు నిండినోళ్ళ యవ్వారం అని తలలూపిన తమ్ముళ్ళూ, రోహిత్‌కి కడుపు నిండిందా?

సేగన్ లోకానికి చాటి చెప్పిన సంగతి ఒకటుంది. మన నెత్తురు ఎర్రగా ఉండటానికి కారణం అందులో ఇనుము. ఆ ఇనుము భూమ్మీద తయారైంది కాదు. ఎప్పుడో సూర్యుడికన్నా ముందు పుట్టి, లోపల ఉడికి, పగిలిపోయిన పెద్ద పెద్ద చుక్కల్లో తయారైంది. మాదిగ నెత్తురులో ఇనుమూ, పురోహితుడి నెత్తురులో ఇనుమూ ఆ కొలుముల్లోంచే వచ్చాయి. ముఖంలోంచి ఒకడు, పాదాల్లోంచి ఒకడు పుట్టాడని రాసినోడికి ఈ లెక్క తెలవదు. కుల నిర్మూలనకి ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏం కావాలి? ఈ ముక్క మన సంఘం క్లాసుల్లో ఎందుకు చెప్పటం లేదు?

రాకెట్లు వదిలేవాళ్ళ సంగతి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలవదు. చంద్రయాన్-3 ఎగరటానికి ముందు రోజు, 2023 జులై 13న, దాని బొమ్మ పట్టుకుని తిరుమల కొండెక్కారు. ఆగస్టు 23న అది చంద్రుడి మీద దిగింది. దింపింది లెక్కలూ, కార్మికుల చేతులూ. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవటం పౌరుడి విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చుకున్నది ఎవరికోసమో! రాకెట్లు లేచే శ్రీహరికోట అడవి యానాదులది. ఆ మంట వెలుగులో వాళ్ళ గుడిసెలు ఏమయ్యాయో ఏ టీవీ అడగలేదు.

ఇక పనిలోకి వద్దాం. ప్రతి సాంఘిక సంక్షేమ హాస్టల్‌కీ ఒక టెలిస్కోపు, దాన్ని చూపించే మనిషీ కావాలని మండల కమిటీలు అర్జీలు పెట్టాలి. అర్జీ పెట్టి ఊరుకోవద్దు. మే నెల 5, 6 తేదీల్లో నరసరావుపేట నుంచి మాచర్ల, గురజాల దాకా మన పల్నాడులో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదకొస్తాడు. పన్నెండు దాటి పది నిమిషాల ప్రాంతంలో నిటారు గుంజకి నీడుండదు. నిలబడ్డ మనిషి నీడ పాదాలు దాటదు. మళ్ళీ ఆగస్టు 7, 8 తేదీల్లో, చుండూరు అమరుల దినం దాటిన వెంటనే అట్టాగే వస్తుంది గానీ, అప్పుడు మబ్బు పట్టొచ్చు. మేలోనే చేద్దాం. పీష్వాల రాజ్యంలో అంటరానోడి నీడ పడితే మైలని దారి మీద నడవనివ్వలేదని బాబాసాహెబ్ 1936లోనే రాశాడు. ఆ రోజు ఆ ఘడియలో పెత్తందారు నీడా, పాలేరు నీడా వాళ్ళ వాళ్ళ కాళ్ళ కిందే. చాపకూడు సీమ అని గొప్పలు చెప్పుకునే ఊరి పెద్దల్ని కూడా పిలవండి. వస్తే నడిబజార్లో పక్కపక్కనే నిలబడదాం.

ఆడపిల్లల్ని తప్పకుండా తీసుకురండి. సూర్యుడి వంక మటుకు ఎవర్నీ నేరుగా చూడనివ్వొద్దు, చూడాల్సింది నేల మీద నీడని. ఒక గుంజ, ఒక సుద్దముక్క, గడియారం చాలు. గుంజ నిటారుగా ఉందో లేదో చూడటానికి మన పల్లెలో తాపీ మేస్త్రీ ఎవరన్నా ఉంటే గోడకి పట్టే గుండు, దారం అడిగి తెచ్చుకోండి.