వాకిట నిలిచిన పాట

ధనుర్మాసము వచ్చెనా, మా తిరుపతిలో తెల్లవారుజాము పాటతోనే ప్రారంభమగును. కొండపైన సుప్రభాతమునకు బదులుగా గోదాదేవి తిరుప్పావై వినిపించును. క్రింద వీధులలో దాసరి శంఖమూది, జేగంట మ్రోగించుచు ఇంటింటి వాకిట నిలుచును. ఆ మాసములోనే, డిసెంబరు 25వ తేదీకి ముందు రాత్రులలో, మరియొక పాట కూడ మా వీధులలో నడచి వచ్చును. అది క్రైస్తవుల క్రిస్మసు కీర్తన. వేకువనొకటి, రాత్రియొకటి; రెండును వాకిటికి వచ్చు పాటలే.

మాది పుత్తూరు ప్రాంతపు పల్లె. తరగతిలో అన్నమాచార్యుల సంకీర్తనములు బోధించుట నా వృత్తి. ఇంట మా నాయన నేర్పిన క్రైస్తవ కీర్తనలు పాడుకొనుట నా అలవాటు. నా చిన్ననాట పాటల జట్టు పెట్రోమాక్స్ దీపపు వెలుగున బయలుదేరెడిది. ఒక హార్మోనియము, ఒక డోలకు, రెండు జతల తాళములు. మంచులో చెరువుకట్ట మీదుగా ప్రక్క పల్లెకు పోయెడివారము. చరణము ముగియగనే పల్లవి నందుకొనుట పిల్లల వంతు. ఒక ఇంట బొరుగులు, బెల్లము. మరొక ఇంట వేడి కాఫీ. క్రైస్తవులు కానివారును తిన్నెలపై కూర్చుండి వినెడివారు. అట్టి పెద్దాయన యొకరు ఒకనాడు మా నాయనతో, “ఏమప్పా, ఈ రాగం మా భజనలోది మాదిరే ఉండాదే!” అనెను.

ఆయన మాటలో సత్యము కలదు. తెలుగు క్రైస్తవ కీర్తనకారులలో అగ్రగణ్యుడు పురుషోత్తమ చౌధరి (1803–1890). ఆయన పాశ్చాత్యుల బాణీలకు తెలుగు మాటలు పొదిగి ఊరకుండలేదు. మన కీర్తనరీతిని గైకొని, మన రాగములలో క్రీస్తు కథను పాడెను. నేటికిని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచినచో పెక్కు పాటల శిరమున రాగము, తాళము ముద్రితమై కనబడును. పందొమ్మిదవ శతాబ్దిలో తిరుపతి ప్రాంతమునకు జర్మనీ నుండి హెర్మన్స్‌బర్గు లూథరన్ మిషనరీలును, చిత్తూరు, మదనపల్లె ప్రాంతములకు అమెరికా నుండి ఆర్కాటు మిషను వారును వచ్చిరి. వారు తెచ్చిన కథకు మన పల్లెల గుండెలలో చోటు కల్పించినవి ఈ కీర్తనలేయని నా విశ్వాసము.

క్రిస్మసు పాటకు మూలము లూకా సువార్తలోని తొలి రెండధ్యాయములు. వానిలో నాలుగు పాటలు కలవు: మరియ పాట, జెకర్యా పాట, దేవదూతల పాట, వృద్ధుడైన సుమెయోను పాట. శిశువు పుట్టకమునుపే తల్లి పాడినది. ఆ పాటలో బలవంతులు గద్దెల నుండి దిగుదురు, దీనులు పైకెత్తబడుదురు, ఆకలిగొన్నవారి కడుపు నిండును. ఇక దూతల పాట విన్నదెవరు? చక్రవర్తియైన అగస్టసు కాదు. యెరూషలేము పెద్దలు కారు. రాత్రివేళ పొలములో మందను కాయు గొల్లలు. మన సీమలో చేనిలో మంద కట్టి, గొంగడి కప్పుకొని కావలి కాయువారిని చూచినవారికి ఈ దృశ్యమును వివరింపనక్కరలేదు. దూత వారికి చెప్పిన మొదటి మాట భయపడవలదని. వారు పోయి చూచినది పశువులు మేయు గాడిలో పరుండిన పసికందును. దేవుడే మనుష్యుని వాకిటికి వచ్చెనన్న నమ్మకము క్రిస్మసు. ఆ నమ్మకమును కాలినడకన చాటుట ఇంటింటికి పోయి పాడుట. ఆ పాటలోని సంతోషము భయము తీరినవాని సంతోషము.

ఈ పాట ఎల్లప్పుడును ఇంటిభాషను వెదకుకొనును. ఆస్ట్రియా దేశమున ఓబెర్న్‌డార్ఫ్ అను చిన్న ఊరిలో జోసెఫ్ మోర్ అను క్రైస్తవ గురువు తాను 1816లో వ్రాసిన గేయమును, ప్రక్క ఊరి బడిపంతులైన ఫ్రాంజ్ గ్రూబర్‌కిచ్చి బాణీ కట్టుమనెను. 1818 డిసెంబరు 24వ తేదీ రాత్రి ఇరువురును గిటారుతో దానిని పాడిరి. నేడు లోకమంతయు ‘సైలెంట్ నైట్’ అని పాడునది అదియే. దాని మూలము లాటిను కాదు, వారి ఇంటి జర్మను. బడిపంతులు కూర్చిన ఆ బాణీ ఉపాధ్యాయలోకమునకు గర్వకారణము. ఆయన తన భాషలో చేసిన పనిని మనము మన భాషలో చేయుటయే ఆయనకు తగిన గౌరవము.

కాని నేడు పట్టణములలో జరుగుచున్నదేమి? వాహనముపై లౌడుస్పీకరు కట్టి, రికార్డు పాట మ్రోగించుచు వీధి దాటిపోవుచున్నారు. తలుపు తీయునంతలో పాట మలుపు తిరిగిపోవును. జ్వరముతో పడుకొన్న ముసలమ్మకు అందినది శుభవార్తయా, శబ్దమా? ఇక పాఠశాలల వేడుకలలో పిల్లలు మంచుపై జారు బండ్లను గూర్చిన ఆంగ్లగీతములను అర్థము తెలియకయే వల్లించుచున్నారు. ఆంగ్లగీతములపై నాకు ద్వేషము లేదు. వానిలో రత్నములు కలవు. తల్లిభాషలో కీర్తన యొక్కటియు రాకుండుటయే నా దుఃఖము. లౌడుస్పీకరు వేయిమందికి వినిపించును గదా, మీ డోలకు పదిండ్లకే గదా యని యువకులు నన్నడుగుదురు. నిజమే. ఆనాటి గొల్లలును వేయిమంది కారు.

ఉపాధ్యాయ సోదరులారా! ఒక్క కీర్తనను ఎన్నుకొని, ప్రతిపదార్థము చెప్పి, రాగతాళములతో నేర్పుడు. తెలుగు పాఠమున పురుషోత్తమ చౌధరి పేరును వినిపింపుడు. అన్నమయ్య, రామదాసుల ప్రక్కన నిలిపి గుణదోషములు చర్చింపుడు. క్రైస్తవ విద్యార్థికి తన పాట తెలుగు సాహిత్యములో భాగమని తెలియును. ఇతర విద్యార్థికి పొరుగువాని సంతోషము అర్థమగును. విద్యార్థులారా! లౌడుస్పీకరును ఇంట నుంచి, నాలుగు గొంతులతో బయలుదేరుడు. తలుపు తెరచువరకు వాకిట నిలిచి పాడుడు.

మా నాయన పోయి చాల కాలమైనది. ఆయన తాళములు నాయొద్ద కలవు. మొన్న మా వీధి పిల్లలు నలుగురు వచ్చి వానిని అడిగిరి. వారికి పల్లవి ఇంకను సరిగా రాదు. నేర్పుటకు నేనును వారి వెంట నడువ నిశ్చయించుకొంటిని.