అంకెలు చెప్పేది జోస్యం కాదు

ఏప్రిల్, మే నెలల్లో మన దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో రెండు రకాల జోస్యాలు వినిపిస్తాయి. కోచింగ్ సెంటర్లలో వారం వారం పరీక్షల మార్కులు చూసి ఎవరికి ర్యాంకు వస్తుందో తేల్చేస్తారు. హాస్టల్ మెట్ల మీద, టీ కొట్ల దగ్గర ఐ.పి.ఎల్. ప్లేఆఫ్స్‌కు వెళ్ళే నాలుగు జట్లేవో తేల్చేస్తారు. రెండింటికీ ఆధారం అంకెలే గనుక రెండూ శాస్త్రమేనని మనవాళ్ళ నమ్మకం. ఆ నమ్మకం గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

లెక్క కట్టడం తప్పని నేననను. పది జట్లు, ఒక్కో జట్టుకు 14 ఆటలు, గెలిస్తే 2 పాయింట్లు. 2022, 2023, 2025 సంవత్సరాల్లో నాలుగో స్థానం దక్కిన జట్టుకు 16 పాయింట్లున్నాయి. కాబట్టి 16 వస్తే గండం గడిచినట్టే అనడం సబబే. పాయింట్లు సమానమైతే నెట్ రన్ రేట్ చూస్తారు. అనగా ఓవరుకు మనం చేసిన సగటు పరుగుల్లోంచి ఎదుటివాళ్ళకిచ్చిన సగటు తీసివేయడం. ఎనిమిది జట్లే ఆడిన 2019లో మన సన్‌రైజర్స్ 12 పాయింట్లతో గట్టెక్కింది ఈ లెక్క చలవే.

తప్పెక్కడంటే, "అవకాశం తక్కువ" అన్నదాన్ని "జరగదు" అని చదువుకోవడంలో. 2024లో బెంగళూరు జట్టు ఎనిమిది ఆటల్లో ఒక్కటే గెలిచింది. మిగిలినవి ఆరు. ఒక్కో ఆటా బొమ్మా బొరుసే అనుకున్నా, ఆరూ వరుసగా గెలిచే అవకాశం 64లో 1. ఏప్రిల్ 25న మన ఎల్.బి.నగర్‌కు దగ్గర్లోని ఉప్పల్ స్టేడియంలోనే సన్‌రైజర్స్‌ను 35 పరుగులతో ఓడించి మొదలెట్టారు. ఆరూ గెలిచారు! 14 పాయింట్ల దగ్గర నాలుగు జట్లు నిలిస్తే, నెట్ రన్ రేట్ మీద వాళ్ళే ముందుకెళ్ళారు. 64లో 1 అంటే సున్న కాదు కదా!

పాత పట్టికలదీ అదే కథ. 2008లో అట్టడుగున ఉన్న దక్కన్ ఛార్జర్స్ 2009లో కప్పు గెలిచింది. 2023లో ఆఖరైన సన్‌రైజర్స్ 2024లో ఫైనల్ ఆడింది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి సంఖ్యాశాస్త్రంలో ప్రపంచఖ్యాతి గడించిన సి.ఆర్.రావుగారు (1920-2023) మన తెలుగువారే. ఆయన జీవితమంతా సేవించిన ఆ శాస్త్రం అనిశ్చితిని కొలుస్తుందే గాని, దాన్ని లేకుండా చేయదు.

ఇక అసలు సంగతి. టీ కొట్టు జోస్యంతో ఆట మారదు. తరగతి గది జోస్యంతో మారుతుంది. ఇంటర్ రోజుల్లో నాలుగు పరీక్షల మార్కులు చూసి నన్ను ఆఖరి సెక్షన్‌లో వేశారు. మంచి లెక్చరర్లు పై సెక్షన్లకే. మాకు నోట్సూ ఆలస్యమే. మరి మేము వెనకబడ్డామంటే వెనకబడమూ! చివరికి "చూశావా, మేం ముందే చెప్పాం" అన్నారు. జోస్యం ఫలించిందా, వాళ్ళే ఫలింపజేశారా? బెంగళూరువాళ్ళకు ఎనిమిది ఆటల తర్వాత బ్యాటూ బంతీ ఎవరూ లాక్కోలేదు.

మన సంఖ్యాశాస్త్ర విద్యార్థులకు ఒక విన్నపం. వచ్చే సీజన్‌కు ముందే ఏ జట్టుకు ఎంత అవకాశమో నోటీసు బోర్డు మీద రాసిపెట్టండి. ముగిశాక అందరి ముందూ సరిచూడండి. ఎన్నిసార్లు తప్పామో తెలిస్తే, రేపు లెక్చరర్లమయ్యాక ఏ కుర్రాడి పేరునూ పట్టిక అడుగున శాశ్వతంగా రాసెయ్యం.