పెట్టెలు పైన, పిల్లలు కింద

మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాణ్ణి నేను. ఆ చదువు మొదలైంది మన హాస్టలు పెద్ద హాల్లోనే. ఇక్కణ్ణుంచి వెళ్ళి ఏడేళ్ళయినా, ఆ హాలు అనగానే ముందు గుర్తొచ్చేవి ట్రంకు పెట్టెలే. పెట్టె పక్కన చాప, చాప పక్కన పెట్టె. రాత్రి లేచి బయటికి వెళ్ళాలంటే ఎవరో ఒకరి కాలు తొక్కాల్సిందే. చోటు చాలక వానాకాలంలో వరండాలో పడుకున్న వాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఆ హాలు ఎత్తు 14 అడుగులు. మధ్యలో ఇనుప దూలాలు వేసి ఇంకో అంతస్తు కడితే రెట్టింపు మందిని చేర్చుకోవచ్చని పాత విద్యార్థుల్లో కొందరు మిత్రులు అంటున్నారు. వారి ఉద్దేశం మంచిదే. కానీ నేను ఒప్పుకోలేను.

జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం మనుషులు ఉండే గదికి కనీసం 2.75 మీటర్ల ఎత్తు ఉండాలి. మధ్య అంతస్తుకు కనీసం 2.2 మీటర్లు కావాలి. రెండూ కలిస్తే 16 అడుగుల పైమాటే. మనకున్నది 14. పైగా మనది రేకుల కప్పు. మార్చి ఎండల్లో ఆ రేకులకు తల ఆనించి పదో తరగతి పరీక్షలకు చదవమని ఏ తమ్ముడికి చెబుతాం? మనుషులు రెట్టింపయితే మరుగుదొడ్లు కూడా రెట్టింపవుతాయా?

నేను కోరేది అటక. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు పెట్టె 3 చదరపు అడుగుల నేల తింటుంది. 60 పెట్టెలకు 180. అది 15 మంది చాపలు పరుచుకునే చోటు! రెండు పొడవాటి గోడల వెంట, 9 అడుగుల ఎత్తున, 3 అడుగుల వెడల్పు అటక వేస్తే పెట్టెలన్నీ పైకెక్కుతాయి. రోజూ కావలసిన పుస్తకాలు, బట్టలు సంచిలో కింద ఉంచుకోవచ్చు. ఆదివారం నిచ్చెన వేసి పెట్టె దించుకోవచ్చు.

మా నాన్న తాపీ పనికి కూలీగా వెళ్తాడు. ఈ మాట చెబితే, "గోడ మీద బరువు పెట్టేముందు పునాదిని అడగాలిరా" అన్నాడు. నిజమే. నిండు పెట్టెల బరువు పాత గోడ మీద పడకూడదు, నేల నుంచి స్తంభాలు లేపాలి. ఇంజనీరు చూసి సరేనన్నాకే పని మొదలుపెట్టాలి.

ఖర్చులో పాత విద్యార్థులం మా వంతు వేసుకుందాం. ఒక్కటే షరతు. ఖాళీ అయిన చోటు వరండాలో పడుకునే తమ్ముళ్ళది. దాన్ని చూపించి సీట్లు పెంచితే మళ్ళీ మొదటికే వస్తాం. సీట్లు పెరగాల్సిందే. అందుకు కొత్త గదులు అడుగుదాం, అటక చూపించి సరిపెట్టుకోవద్దు.