ఉత్సాహం బిళ్ళలో ఉండదు

కాఫీ తాగగానే ఒంట్లోకి శక్తి వచ్చిందంటాము. పాలూ పంచదారా మినహాయిస్తే డికాషన్‌లో శరీరం ఖర్చు పెట్టుకోదగిన శక్తి దాదాపు ఏమీ లేదు. మరి కునికిపాట్లు పడుతున్న మనిషిని లేపి కూర్చోబెట్టినదేమిటి? మనం మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే రసాయనం కొద్దికొద్దిగా పోగవుతుంది. నాడీకణాల మీద దానికోసం ఏర్పడిన గ్రాహకాలకు అది అతుక్కున్నకొద్దీ ఆ కణాలు మందగిస్తాయి, మనకు నిద్ర ముంచుకొస్తుంది. కెఫీన్ చేసే పనల్లా ఆ గ్రాహకాలలో అడినోసిన్ కంటె ముందుగా చేరి కూర్చోవడమే. అలసట ఉన్నచోటనే ఉంటుంది. దాని కబురు మాత్రం అందదు.

కాఫీ వరకు ఇది సరదాగా చెప్పుకోదగిన సంగతి. యాంఫెటమీన్, మిథైల్‌ఫెనిడేట్, కొకైన్ వంటి బలమైన ఉత్తేజకాల దగ్గరకు వచ్చేసరికి సరదా తగ్గుతుంది. ఈ మందులను గురించి మన ప్రవాస తెలుగు కుటుంబాలలో భయం ఉండవలసిన చోట లేదని, ఉండనక్కరలేని చోట ఉన్నదని నా అభిప్రాయం. వైద్యుడు పరీక్షించి వ్రాసిచ్చిన బిళ్ళను చూసి తల్లిదండ్రులు హడలిపోతారు. పరీక్షల ముందు రాత్రి హాస్టలు గదిలో స్నేహితుని దగ్గర పుచ్చుకున్న అదే బిళ్ళను "చదువు కోసమే కదా" అని సరిపెట్టుకుంటారు. ఈ తారుమారు ఎందుకు ప్రమాదకరమో తెలియాలంటే ముందు మెదడు కణాల సంగతి కొంత చెప్పుకోవాలి.

మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నవి. వాటిలో డోపమీన్‌ను తయారుచేసేవి కొన్ని లక్షలు మాత్రమే. స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు అర్విడ్ కార్ల్‌సన్ 1950ల చివరలో, డోపమీన్ స్వయంగా మెదడులో సందేశాలు చేరవేసే రసాయనమని నిరూపించాడు. 2000లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. ఒక కణం విడిచిన డోపమీన్ పక్క కణానికి కబురు చెప్పిన కొద్ది క్షణాలకే, రవాణా ప్రోటీన్ల ద్వారా తిరిగి లోపలికి వెళ్ళిపోవాలి. కొకైన్, మిథైల్‌ఫెనిడేట్ ఆ తిరుగుదారిని మూసివేస్తాయి. యాంఫెటమీన్ మరింత గడుసుది. అది ఆ దారినే కణంలోనికి దూరి, లోపల నిలవ ఉన్న డోపమీన్‌ను ఎదురుదారిన బయటికి తోయిస్తుంది. నారడ్రినలిన్ విషయంలోనూ జరిగేది ఇటువంటిదే. గుండె వేగం, రక్తపు పోటు పెరగడం, కంటిపాపలు విప్పారడం, ఆకలి చావడం, ఒళ్ళు వేడెక్కడం దీనివల్లనే. గుండె కండరానికి మందు కొత్త బలమేమీ ఇవ్వదు. గుండెకు వచ్చే నాడుల కొనల నుంచి మన నారడ్రినలిన్‌నే గుమ్మరింపజేస్తుంది. ఖర్చంతా మన ఇంటి సొమ్మే.

ఇంతవరకు నాడీకణాల ప్రతాపం. మెదడులో మరొక జాతి కణాలున్నవి. నక్షత్రాకారంలో ఉంటాయి కనుక వాటిని ఆస్ట్రోసైట్లు అంటారు. ఇవి నాడీకణాలను అంటిపెట్టి ఉంచే జిగురు వంటివని, వాటికి అన్నపానాలు అందించే పరిచారకులని చాలాకాలం భావించారు. 2020లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో అల్ఫొన్సో అరాకే బృందం ఎలుకల మీద చేసిన పరిశోధన ఈ పరిచారకులకు పెద్దరికం తెచ్చిపెట్టింది. ఎలుకకు యాంఫెటమీన్ ఇస్తే ఊరకే అటూ ఇటూ పరుగెత్తుతుంది. మెదడులో న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే భాగంలోని ఆస్ట్రోసైట్లు ఆ డోపమీన్‌ను పసిగట్టి, ఎ.టి.పి.ని విడుదల చేస్తాయనీ, అది అడినోసిన్‌గా మారి చుట్టుపక్కల నాడీసంధులలో కొన్ని సందేశాలను అణచివేస్తుందనీ వారు గమనించారు. ఆస్ట్రోసైట్లలోని డోపమీన్ గ్రాహకాలను తొలగించిన ఎలుకలలో ఆ పరుగు తగ్గిపోయింది. మందు అదే, పరుగు మాత్రం వేరు. ఇది ఎలుకల సంగతేనని గుర్తుంచుకోవాలి. అయినా ఒక మందుకు శరీరం ఎట్లా స్పందించాలో నిర్ణయించడంలో మందుకున్నంత పాత్ర దానిని అందుకునే కణాలకూ ఉన్నదనడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

ఈ కథలో తెలుగువారికి చుట్టరికం ఉన్న పాత్ర ఒకటున్నది. కండరాలలోని ఎ.టి.పి.ని 1929లో సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి హార్వర్డ్‌లో వెలికితీసినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. కార్ల్ లోమాన్ అదే సంవత్సరం జర్మనీలో విడిగా కనుగొన్నాడు. సావనీర్లలో సుబ్బారావుగారిని ఏటా తలచుకునే మనం ఆయన పట్టిన పదార్థం నేడు ఏయే సందుల్లో తేలుతున్నదో కూడ చూస్తే బాగుంటుంది.

మళ్ళీ మందు దగ్గరకు వద్దాము. 1937లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలో చార్లెస్ బ్రాడ్లీ అనే వైద్యుడు ప్రవర్తనలో ఇబ్బందులున్న 30 మంది పిల్లలకు బెంజెడ్రిన్ అనే యాంఫెటమీన్ ఇచ్చి చూశాడు. దాదాపు సగం మంది ఆశ్చర్యకరంగా పాఠాల మీద శ్రద్ధ చూపారు. నేడు ఏ.డి.హెచ్.డి. అని పిలిచే స్థితికి ఇచ్చే చికిత్సకు బీజం అక్కడే పడింది. తగిన మోతాదులో, నోటి ద్వారా పుచ్చుకున్న మిథైల్‌ఫెనిడేట్ మెదడులో పతాకస్థాయికి చేరడానికి గంట, గంటన్నర పడుతుంది. రక్తనాళంలోకి ఎక్కించిన కొకైన్‌కు కొద్ది నిమిషాలు చాలు. రెండూ ఒకే ప్రోటీన్‌ను పట్టుకుంటున్నా, వ్యసనానికి దారి తీయడంలో ఈ వేగానికి పెద్ద పాత్ర ఉన్నదని బ్రూక్‌హేవన్ ప్రయోగశాలలో నోరా వోల్కోవ్ బృందం 1990లలో చూపించింది. కాబట్టి "మా పిల్లవాడికి డ్రగ్స్ ఇస్తున్నారు" అని కుమిలిపోయే తల్లికి నేను చెప్పగలిగేది, అవసరమైన పిల్లవానికి, సరైన మోతాదులో, పర్యవేక్షణతో ఇచ్చే బిళ్ళ అటువంటిది కాదని. ఉగాది భోజనాల దగ్గర పక్కకు పిలిచి, "డాక్టరు గారూ, ఎవరికీ తెలియకుండా మానిపించేశాము, ఏం కాదు కదా?" అని అడిగేవారు ఇప్పటికీ ఉన్నారు. మందు మానిపించిన సంగతి మందు వ్రాసిన వైద్యునికి కూడ చెప్పకపోవడమే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది.

ఇక అరువు బిళ్ళ. 2023లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం వారు ఏ జబ్బూ లేని 40 మందికి ఈ కోవకు చెందిన మందులిచ్చి, పరిమితమైన సంచిలో విలువైన వస్తువులు సర్దే చిక్కులెక్కలు చేయించారు. మందు పుచ్చుకున్నవారు ఎక్కువసేపు శ్రమించారు, ఎక్కువ ఎత్తులు వేశారు, కాని ఆ ఎత్తుల నాణ్యత పడిపోయింది. మందు లేనప్పుడు సగటుకు పైన ఉన్నవారు మందుతో సగటుకు దిగువకు జారే ధోరణి కూడ కనబడింది. పుస్తకం ముందు తెల్లవార్లూ కూర్చున్న కుర్రవానికి చాలా చదివాననే అనిపిస్తుంది.

శరీరం మాట వేరే చెప్పాలి. 1967 జూలై 13న టూర్ డి ఫ్రాన్స్ సైకిలు పందెంలో టామ్ సింప్సన్ అనే బ్రిటిష్ వీరుడు మండుటెండలో మోవాంటూ కొండ ఎక్కుతూ కూలి మరణించాడు. ఆయన వయసు 29. రక్తంలో యాంఫెటమీన్, మద్యం కనబడ్డాయి. ఆగిపొమ్మని శరీరం పంపిన కబురు మెదడు చెవిన పడనప్పుడు, వేడి, నీటి కొరత తమ పని తాము చేసుకుపోతాయి.

మరి రెండు సంగతులు మన పిల్లలకు నోరు తెరిచి చెప్పాలి. ఈ మందులు అమెరికా చట్టంలో రెండవ షెడ్యూలులో ఉన్నవి. తన బిళ్ళను స్నేహితునికి ఊరకే ఇచ్చినా నేరమే. వీసా మీద చదువుకుంటున్న విద్యార్థికి శిక్ష పడితే దేశం విడిచిపోవలసి రావచ్చు. రెండవది, చేతులు మారి వచ్చిన బిళ్ళ అసలు ఆ మందే కాకపోవచ్చు. ఆడెరాల్ వంటి మందుల రూపంలో నకిలీ బిళ్ళలు అమ్ముడవుతున్నాయనీ, అటువంటి నకిలీలలో ఫెంటనిల్, మెథాంఫెటమీన్ ఉంటున్నాయనీ మాదకద్రవ్య నిరోధక శాఖ 2021లో బహిరంగంగా హెచ్చరించింది.

పిల్లలకు ఉత్తేజక మందు మొదలుపెట్టే ముందు వైద్యులు తప్పక అడిగే ప్రశ్న, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా మరణించారా అని. గుండె లయకు సంబంధించిన వంశపారంపర్య దోషాలు కొన్ని అట్లాగే బయటపడతాయి. మనవారు అలవాటుగా "అటువంటిదేమీ లేదండీ" అంటారు. తీరా తరచి అడిగితే, పెదనాన్నగారు నలభై ఏళ్లకే పొలం గట్టున ఒరిగిపోయారని, దానిని గాలి సోకడమనో, ఆయువు మూడడమనో ఇంట్లో చెప్పుకున్నారని తెలుస్తుంది. వచ్చే ఆదివారం ఊరికి ఫోను చేసినప్పుడు అమ్మమ్మగారిని ఆ సంగతి అడిగి, పేరూ వయసూ కాగితం మీద వ్రాసుకుని వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి.