యాంటీఆక్సిడెంట్ మాత్ర కాలేయ క్యాన్సర్‌ను ఆపదు

కాలేయ క్యాన్సర్‌కు మూలం ఆక్సిడేటివ్ స్ట్రెస్ అట, యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్ రోజూ వేసుకుంటే చాలట. చదువుకున్నవాళ్లు కూడా ఈ మాట నమ్ముతున్నారు. ఇందులో మొదటి సగంలో నిజం ఉంది. రెండో సగం తప్పు, అదీ ప్రాణాల మీదికి తెచ్చే తప్పు.

హెపటైటిస్ బి, సి వైరస్‌లు, మద్యం, కాలేయంలో చేరిన కొవ్వు, పేరుకున్న ఇనుము కణాల్లో ఫ్రీ రాడికల్స్ అనే చురుకైన అణువులను పెంచుతాయి. ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటే కణాల మీద పడే ఈ ఒత్తిడే. ఫ్రీ రాడికల్స్ డీఎన్ఏను గాయపరుస్తాయి. ఏళ్ల తరబడి కణాలు చస్తూ, పుడుతూ ఉంటే కాలేయం మచ్చలు కట్టి సిర్రోసిస్‌కు చేరుతుంది. ఎక్కువ క్యాన్సర్లు మొలిచేది అక్కడే. అయితే ఒత్తిడి పుట్టించే వైరస్‌నూ మద్యాన్నీ వదిలేసి, ఒత్తిడికి మాత్ర వేస్తే ఏం లాభం? పైగా బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్నల్లోని అఫ్లటాక్సిన్ కాలేయంలో రూపు మారి నేరుగా డీఎన్ఏకే అతుక్కుంటుంది. క్యాన్సర్‌ను అడ్డుకునే పీ53 జన్యువును చెడగొట్టడానికి దానికి ఫ్రీ రాడికల్స్ సాయం అక్కర్లేదు.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. ఆ ఒత్తిడి క్యాన్సర్ కణానికీ గండమే. అందుకే చాలా కాలేయ గడ్డలు ఎన్ఆర్ఎఫ్2 అనే రక్షణ వ్యవస్థను పెంచుకుని, సొంతంగా యాంటీఆక్సిడెంట్లు తయారుచేసుకుంటాయి. మనం మింగే మాత్ర మంచి కణాన్ని మాత్రమే కాపాడుతుందన్న హామీ ఎవరిచ్చారు? 2014లో స్వీడన్ పరిశోధకులు ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న ఎలుకలకు విటమిన్ ఇ ఇస్తే గడ్డలు త్వరగా పెరిగాయి. ఫిన్లాండ్‌లో 29 వేలమందికి పైగా పొగతాగే మగవారిపై చేసిన పరీక్షలో బీటా కెరోటిన్ తీసుకున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చిందని 1994లో తేలింది. ఇవి కాలేయంపై జరిగినవి కావు, ఒప్పుకుంటాను. కానీ మేలు చేస్తుందని నిరూపించాల్సింది అమ్మేవాళ్లే.

మధుమేహం లేని ఫ్యాటీ లివర్ రోగుల్లో విటమిన్ ఇ వాపు తగ్గించిందని 2010లో వెలువడిన అధ్యయనాన్ని చాలామంది చూపిస్తారు. అది నిజమే, డాక్టర్ చెబితే వాడాలి. కానీ క్యాన్సర్ తగ్గిందని ఆ అధ్యయనం చెప్పలేదు.

కాలేయ క్యాన్సర్‌ను తగ్గించిన దాఖలా కావాలంటే తైవాన్ ఉంది. 1984లో పసిపిల్లలకు హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టారు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో ఈ క్యాన్సర్ లక్షకు 0.70 నుంచి 0.36కు పడిపోయింది. ఆ టీకాను 1997లో హైదరాబాద్‌లోనే శాంతా బయోటెక్నిక్స్ తయారుచేసి, ధర నేలకు దించింది. హెపటైటిస్ సి అయితే సాధారణంగా 12 వారాల మందులతో నయమవుతోంది. మద్యం మానడం, బరువు తగ్గడం ఎవరికి వారి చేతిలో ఉన్న పని.

సిర్రోసిస్ ఉన్నవాళ్లు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి. క్యాప్సూల్ ధీమాతో ఆ స్కాన్ మానేస్తే, కోసి తీసేయగలిగిన చిన్న గడ్డ ఎవరి కంటా పడకుండా పెరిగిపోతుంది.